పెనుగొండకు పోయిన ఓడ

ధర్మవరం గురించి రాసినవాళ్ళందరూ చెరువును వర్ణించారు, పట్టుచీరలను మెచ్చుకున్నారు, రైలు జంక్షన్ ప్రాధాన్యాన్ని గుర్తించారు. మార్కండేయులు ఎడమచేతి చిటికెనవేలి గోరును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. చరిత్రకారుల నిర్లక్ష్యానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ గోరు ముప్పావు అంగుళం పొడుగుండేది. సోకు కోసం పెంచింది కాదు, ముళ్ళు విప్పడానికి పెంచింది. పట్టు నేసే ఇంట్లో పుట్టి, నాలుగో తరగతితో చదువు ముగించి, పదమూడో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టిన మార్కండేయులు నలభయ్యో ఏడు వచ్చేదాకా ఒక్క ముడిని కూడా కోసి ఎరగడు. బెల్లం పొట్లం దారమైనా, మంచం నులకైనా, కూర్చుని విప్పాల్సిందే. సొంత పెళ్ళిలో కొంగుముడి విప్పబోయిన వదినగారి చేతిని పక్కకు తప్పించి తానే గోటితో విప్పుకున్నాడనీ, అంతసేపూ పురోహితుడు మంత్రం మధ్యలో ఆగి ఉండాల్సి వచ్చిందనీ పెద్దలు చెబుతారు. “కోసినోనికి ముడి పోతాది గానీ, అది ఎట్ల పడిందో తెల్దు” అనేది ఆయన సిద్ధాంతం.

1960 జూన్ నెలలో ఈ గోరే ధర్మవరాన్ని నౌకాయుగంలోకి నడిపించింది.

స్టేషన్ దారిలో సైకిల్ షాపు నడిపే లాల్‌సాబ్ మార్కండేయులుకు చిన్ననాటి స్నేహితుడు. రైల్వే బంగళాలో ఉండే గార్డు దొర ఒకాయన ఉద్యోగం చాలించి ఇంగ్లండుకు వెళ్ళిపోతూ తన సైకిలును లాల్‌సాబ్‌కు అమ్మి, దాని మీద కొసరుగా ఒక పొడుగాటి అట్టపెట్టె ఇచ్చాడు. పెట్టె చుట్టూ సన్నటి తాడు, తాడుకు పదకొండు ముళ్ళు. లాల్‌సాబ్ కత్తి తీసే సమయానికి మార్కండేయులు అటువైపు వెళ్తున్నాడు.

“ఆగాగు! ఏం చేస్తాండావు లాల్‌సాబూ?”

“కోస్తాండా. కనబడల్యా?”

“ఎవరో తెలిసినోడు ఏసిన ముడి ఇది. ఇట్లా తే.”

తర్వాతి గంటలో లాల్‌సాబ్ రెండు ట్యూబులకు పంచర్ వేశాడు, ఒక టీ తాగాడు, ఒక గిరాకీతో పోట్లాడి రాజీపడ్డాడు. పదకొండో ముడి విడిపోయాక మూత తీశారు. మూత మీద ఓడ బొమ్మ ఉంది. మూడు కొయ్యలు, వాటి నిండా తెల్లటి తెరచాపలు, కింద నీలం నీళ్ళు. లోపల మాత్రం కట్టెపుల్లలు, పలకలు, దారపుండలు, చిన్న ఇత్తడి మేకులు, ఒక జిగురు గొట్టం, పంచెంత కాగితం.

లాల్‌సాబ్ నిరాశగా చూశాడు. “గంటసేపు నా అంగడికి అడ్డం కూచోని పుల్లలు బయటికి తీసినావప్పా. పొయ్యిలోకి పనికొస్తాయి. నువ్వే తీసకపో.”

మార్కండేయులు ఆ మాట వినలేదు. కాగితం పరిచి చూస్తున్నాడు. గీతలు, గీతల పక్కన అంకెలు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు గానీ అంకెలు వచ్చు. చీర అంచుకు గళ్ళ కాగితం మీద వేసే బొమ్మల మధ్య పెరిగినవాడు కనక ఆ కాగితం ఆయనకు చుట్టంలాగే కనిపించింది. ఓడకు అంకెలు చాలునని తీర్మానించుకున్నాడు. ఆ తీర్మానం చేసేనాటికి ఆయన ఉత్తరాన గుత్తి, దక్షిణాన హిందూపురం దాటి ఎరగడు. సముద్రంతో ఆయనకున్న పరిచయమల్లా ఉప్పు.

పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. అది ఆటబొమ్మగానే మిగిలిపోయేదేమో. కానీ ఆ వారంలోనే చేనేత సంఘానికి మగ్గం మీద బిగించే జకార్డు మిషను ఒకటి రాబోతోందని కబురొచ్చింది.

ఈ కబురు ఎంత పెద్దదో చెప్పాలంటే కమలాక్షి భుజం గురించి చెప్పాలి. కమలాక్షి మార్కండేయులు భార్య. అంచులో హంసో మామిడిపిందో నేయాలంటే మగ్గం పక్కన ఒక మనిషి కూర్చుని, పైన కట్టిన దారాలను వరస తప్పకుండా లాగుతూ ఉండాలి. పదకొండేళ్ళుగా ఆ మనిషి కమలాక్షి. ఇప్పుడామె కుడిచెయ్యి చెవి దాటి పైకి లేవదు. తల దువ్వడానికి పక్కింటి అంజినమ్మ రావాలి. అంజినమ్మ దువ్వెనతోపాటు వీధిలో కబుర్లన్నీ తెస్తుంది కాబట్టి ఆ జడకు మధ్యాహ్నమైపోతుంది. జకార్డులో చిల్లులు పొడిచిన అట్టలుంటాయి. ఏ దారం లేవాలో ఆ అట్టలే చూసుకుంటాయి. లాగే మనిషి అక్కర్లేదు.

జకార్డు ఒక్కటే. అడిగినవాళ్ళు ఇద్దరు: మార్కండేయులు, ఎర్రప్ప. ఎర్రప్పకున్న అర్హత ఆయన సంఘం ప్రెసిడెంటు గోవిందరాజులుకు తోడల్లుడు కావడం. గోవిందరాజులు న్యాయంగా కనిపించడం మీద మక్కువ ఉన్న మనిషి. సంఘం అరుగు మీద నిలబడి ప్రకటించాడు.

“మిషను విడివిడి సామాన్లుగా వస్తాదంట. కాగితం చూసి బిగించుకునే తెలివి ఎవరికుంటే వాళ్ళకే. ఆఫీసు ఉత్తరంలో అట్లే రాసుండారు.” ఉత్తరాన్ని ఆయన జేబులోంచి తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

“కాగితం చూసి ఓడ కడతాండా నేను” అన్నాడు మార్కండేయులు.

అరుగు మీద నవ్వులు లేచాయి. గోవిందరాజులు నవ్వలేదు, ప్రెసిడెంట్లు నవ్వకూడదు. “బొమ్మ ఎవడైనా కడతాడప్పా. నీళ్ళల్లో తేల్తే అది ఓడ. తేలకపోతే కట్టెలమోపు. జనవరిలో పెనుగొండలో ప్రదర్శన పెడతాండారు. చేనేత ఆఫీసరు ఆడికి వస్తాడు. ఆయన కండ్లముందర తేలించు, మిషను నీదే.”

“తేలిస్తా.”

ఆ విధంగా ఒక ఆడమనిషి భుజం, సముద్రానికి రెండు వందల మైళ్ళ దూరంలో, ఒక ఓడ మీద ఆధారపడింది.

పని మొదలైంది. మార్కండేయులు నేతగాడి న్యాయం ప్రకారమే మొదలుపెట్టాడు. నేతలో దారాలు ముందు, గుడ్డ తర్వాత. కాబట్టి మూడు కొయ్యలనూ గోడకు నిలబెట్టి, కాగితంలో ఉన్న తాళ్ళన్నీ వాటి మధ్య కట్టేశాడు. పంతొమ్మిది రోజులు పట్టింది. కట్టినవి నూటనలభై ముళ్ళు. వీధివీధంతా వచ్చి చూసి, సాలెపురుగు కూడా ఇంత శ్రద్ధ పెట్టదని మెచ్చుకుని పోయింది.

కమలాక్షి చివరగా వచ్చి నిలబడింది. “ఇందులో ఓడ యాడుండాదయ్యా?”

“ఇది పడుగు. ఇంక కట్టె అల్లితే ఓడ.”

“మరి ఈ దారాల మధ్యలో చెయ్యి పెట్టి అడుగు ఎట్ల బిగిస్తావు?”

మార్కండేయులు మధ్యాహ్నం భోజనం దాకా ఆలోచించాడు. భోజనం తర్వాత నూటనలభై ముళ్ళూ విప్పాడు. ఒక్కటీ కోయలేదు.

రెండోసారి అడుగు నుంచి మొదలుపెట్టాడు. వెన్నుకర్ర నిలిపి, దానికి పక్కటెముకలు బిగించాడు. అయితే పక్కలకు తొడగాల్సిన సన్నపలకలు నిటారుగా ఉన్నాయి, ఓడ పక్కలేమో గుండ్రంగా ఉన్నాయి. వంచితే పలక విరిగింది. రెండోది కూడా విరిగింది. మూడోదాన్ని చేత్తో పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. అప్పుడు మళ్ళీ కమలాక్షే వచ్చింది.

“పచ్చిపట్టు గూడా పుల్ల మాదిరే ఉంటాది గదా. ఉడకబెడితే కదా మెత్తబడేది. దీన్నీ ఉడకబెట్టు.”

పట్టు ఉడికించే గుండిగలో సబ్బు, సోడా వేసి పలకలు ముంచారు. గంట తర్వాత ఒకదాన్ని బయటికి తీసి, మార్కండేయులు రెండు కొనలూ పట్టుకుని మెల్లగా వంచాడు. లాల్‌సాబ్ దగ్గరికి జరిగాడు. అంజినమ్మ దువ్వెన చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. పలక వంగింది. విల్లులాగా, అరటిదొప్పలాగా, చెప్పినమాట వినే కోడలిలాగా వంగింది.

“వంగె! వంగెనప్పా!” అని లాల్‌సాబ్ వీధిలోకి పరుగెత్తి, ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఏం వంగిందో చెప్పడం మరిచిపోవడంతో కొందరు రైలు వంతెన దాకా వెళ్ళి చూసొచ్చారు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో అన్నం కంటే ఓడ ముందు. రోజుకు రెండు పలకలు. మగ్గం మీద నాలుగు గంటలు, ఓడ మీద నాలుగు గంటలు. స్టేషన్‌లో బండి దిగినవాళ్ళు కూడా “ఓడ ఎందాక వచ్చె?” అని అడిగి ఊళ్ళోకి పోయేవాళ్ళు, అది ఏ బండికో వస్తున్నట్టు.

ఇక జిగురు. గొట్టంలో జిగురు గార్డు దొర కాలంలోనే రాయైపోయింది. లాల్‌సాబ్ తన ట్యూబులకు రాసే రబ్బరు జిగురు ఇస్తానన్నాడు. మార్కండేయులు మూత తీసి వాసన చూసి, ముక్కు మూసుకుని వెనక్కిచ్చేశాడు. హిందూపురం వెళ్ళి, సంతలో చింతపండు గుట్టల పక్కన అమ్మే చింతగింజల పిండి తెచ్చుకున్నాడు. దాన్ని ఉడికించి చేసిన గంజి తెలుగుదేశంలో పుట్టిన ఏ జిగురుకూ తీసిపోదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పరీక్షించాడు కూడా. అతికించిన పలకకు మగ్గానికి వేలాడదీసే బరువురాయి కట్టి మూడు రోజులు వదిలేశాడు. అతుకు కదల్లేదు. ఎండలో పెట్టాడు, కదల్లేదు. నీళ్ళలో పెట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు. వానల్లేక చెరువెండిన ఆ రెండేళ్ళుగా ధర్మవరంలో ఏ వస్తువూ నీళ్ళలో పడే అవకాశం పెద్దగా లేదు.

ఇత్తడి మేకులను పక్కన పెట్టేశాడు. “బాగా నేసిన చీరకు కుట్టు ఎవరైనా ఏస్తారా?” అన్నాడు.

రంగు లాల్‌సాబ్‌ది, సైకిళ్ళకు పూసే నల్లరంగు. డబ్బా ఓడ పక్కల దాకా వచ్చి అడుగు దగ్గర అయిపోయింది.

“ఇంగొక డబ్బా తెప్పిస్తా, నాలుగు దినాలు ఆగు” అన్నాడు లాల్‌సాబ్.

“అక్కర్లేదబ్బా. చీరలో లోపలికి దోపుకునే కాడ అంచు పనితనం ఎవరు చూపిస్తారు? అడుగు ఎవరికి కనబడతాది?”

నేతగాడికి మాత్రమే తోచగల వాదన కనక దాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

తెరచాపల గుడ్డ పురుగులు కొట్టి జల్లెడైంది. మార్కండేయులు ఇది తన శాఖ అని సంతోషించి, మగ్గం మీద తెల్లపట్టు వేసి తెరచాపలు నేశాడు. కుంకుమరంగు అంచు, అంచులో జరీ హంసలు. ఆ హంసల దారాలను కమలాక్షి ఎడమచేత్తో లాగింది. పదకొండు తెరచాపలూ ఎక్కించిన రోజున లాల్‌సాబ్ చుట్టూ తిరిగి చూశాడు.

“ఓడ శానా బాగుండాది మార్కండేయా. ఎవరి పెండ్లికి పోతాండాది?”

జనవరి మూడోవారంలో, చీరలు పంపే కట్టెపెట్టెలో గడ్డి వేసి, ఓడను పడుకోబెట్టి, మార్కండేయులు, కమలాక్షి, లాల్‌సాబ్ ప్యాసింజర్ బండెక్కారు. ఎదురు బల్ల మీద చిలమత్తూరు ముసలామె ఒకామె వేరుసెనక్కాయలు వొలుచుకుంటూ పెట్టెను చూసింది.

“ఏముండాదప్పా అందులో?”

“ఓడ, అవ్వా.”

“ఓడా? యాడికి పోతాది?”

“పెనుగొండకు.”

ముసలామె రెండు కాయలు వొలిచి నోట్లో వేసుకుంది. “ఆడ కొండ కదప్పా ఉండేది!”

నిజమే. విజయనగరం రాజులు రాజధానిని పెనుగొండకు తెచ్చినప్పుడు ఏనుగులొచ్చాయి, గుర్రాలొచ్చాయి, దివాన్లొచ్చారు. ఓడ రావడం ఇదే మొదలు.

ప్రదర్శన మైదానంలో వేరుసెనగ మొక్కల అంగడి, ఎరువుల అంగడి, చేనేత అంగడి వరసగా ఉన్నాయి. నీళ్ళున్నది ఒక్కచోటే. చేపల పెంపకం వాళ్ళు మోకాటిలోతు సిమెంటు తొట్టి కట్టి, అందులో చేపపిల్లలను వదిలారు. ఆ జిల్లాలో చాలామందికి చేపలను చూడటమే ఒక ప్రదర్శన. గోవిందరాజులు వాళ్ళను బతిమాలి తొట్టిలో చోటు సంపాదించాడు. ఎర్రప్ప చేతులు కట్టుకుని తొట్టి పక్కనే నిలబడ్డాడు. పన్నెండున్నరకు ఆఫీసరు వచ్చాడు; సన్నటి మనిషి, తెల్లచొక్కా, చేతిలో చిన్న నోటుపుస్తకం. గోవిందరాజులు ఆయనకు జకార్డు పందెం సంగతి చెప్పాడు.

మార్కండేయులు ఓడను రెండు చేతుల్లో ఎత్తి, తొట్టిలోకి వంగి, నీళ్ళ మీద పెట్టి, చేతులు తీశాడు.

ఓడ ఒక్కసారి ఎడమకు వొరిగింది. కమలాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓడ కుడికి వొరిగింది. తర్వాత నిలబడింది. గాలికి పదకొండు తెరచాపలూ పొంగాయి, జరీ హంసలు ఎండలో మెరిశాయి, ఓడ కదిలింది!

“తేలె! తేలె!” అని మైదానమంతా కేకలు. వేరుసెనగ అంగడి ఖాళీ అయిపోయింది. బ్యాండువాళ్ళు ఎవరూ చెప్పకుండానే వాయించడం మొదలుపెట్టారు. లాల్‌సాబ్ ఎవరో ముక్కుమొహం తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు.

“ఎవరు నేర్పారయ్యా నీకు?” అడిగాడు ఆఫీసరు.

“ఎవురూ నేర్పల్యా సార్. కాగితం చూసినా.”

“సముద్రం ఎప్పుడైనా చూశావా?”

“లేదు సార్.”

ఆఫీసరు నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఆ సమయంలోనే చేపపిల్లలన్నీ గుంపుగా వచ్చి ఓడ అడుగున చేరాయి. ఓడ ఎటు పోతే అవీ అటే పోతున్నాయి. జనం అది గౌరవమనుకున్నారు. చింతగింజల గంజి రుచి చేపలకు నచ్చుతుందని మైదానంలో తెలిసినవాళ్ళు లేరు. మూడో నిమిషంలో మైకులో ఆఫీసరును భోజనానికి పిలిచారు. ఆయన మార్కండేయులు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

అయిదో నిమిషంలో ఓడ అడుగునుంచి ఒక పలక ఊడి, ఎవరి దారిన వారన్నట్టు పక్కకు తేలింది. దాని వెనక రెండోది. తర్వాత లెక్కపెట్టే తీరిక లేకపోయింది. రంగు పూసిన పక్కలు కాసేపు పౌరుషంగా నిలబడి, అవి కూడా విచ్చుకున్నాయి. చివరికి నీళ్ళ మీద మూడు కొయ్యలూ, వాటిని వదలని తాళ్ళూ, తెరచాపలూ మాత్రం పరుచుకుని మిగిలాయి. ముళ్ళు ఒక్కటీ వీడలేదు. చేపలు విందు సాగిస్తూనే ఉన్నాయి.

బ్యాండు ఆగిపోయింది.

“మునిగిపాయ!” అన్నాడు ఎర్రప్ప. “ఆఫీసరుకు చెప్పల్ల ఇది. న్యాయం న్యాయమే.” పంచె ఎగ్గట్టి భోజనశాల వైపు నడిచాడు.

మార్కండేయులు కమలాక్షి వైపు చూశాడు. ఆమె తొట్టిలో ఎడమచెయ్యి పెట్టి పలకలు ఏరుతోంది. “పో” అందామె తలెత్తకుండా. “ఎవుడో చెప్పేకంటే నువ్వు చెప్పేది మేలు. బిన్నా పో!”

ఆయన తడిపలక ఒకటి చేతిలో ఉండగానే పరుగందుకున్నాడు. ఎర్రప్ప చూసి తానూ పరుగెత్తాడు. ఎరువుల అంగడి దగ్గర ఎర్రప్ప ముందున్నాడు. చేనేత అంగడి దగ్గర సమానమయ్యారు. పాతికేళ్ళకు పైగా మగ్గం తొక్కిన కాళ్ళు ఇద్దరివీ. కానీ ఎర్రప్ప చెప్పు తెగింది. ఆఫీసరు విస్తరి ముందు కూర్చోబోతుండగా మార్కండేయులు వెళ్ళి నిలబడ్డాడు. పలక చూపించాడు.

“ఏమిటిది?”

“ఓడ, సార్. ఇడిపాయ.”

“ఎందుకు?”

“చింతగింజల గంజితో అతికిస్తి. నీళ్ళకు కరిగిపాయ. తప్పు నాదే, కాగితానిది కాదు.”

ఎర్రప్ప ఒక చెప్పుతో వచ్చి చేరాడు. “మునిగింది సార్! నేను గూడా చూసినా.”

ఆఫీసరు పలకను తిప్పి చూశాడు. దాని వంపును వేలితో నిమిరాడు. “దీన్ని ఎలా వంచావు?”

“పట్టు గుండిగలో ఉడకబెడితి సార్. అది మా ఇంటిదాని ఆలోచన.”

“నువ్వు జకార్డును కూడా తొట్టిలోనే దింపుతావా?”

“అయ్యో, లేదు సార్! ఇంట్లోనే పెట్టుకుంటా.”

“మరి ఇంకేం?” అని ఆఫీసరు పలక తిరిగి ఇచ్చేసి, అన్నంలో పప్పు కలుపుకున్నాడు. “జకార్డుకు నీ పేరు అప్పుడే రాసుకున్నాను.”

మార్కండేయులు తిరిగి వచ్చేసరికి కమలాక్షి తెరచాపలు పిండి, తొట్టి అంచున ఆరేసింది. సంగతి విని ఒక తెరచాపను ఎండకు తిప్పి చూసింది. తర్వాత, “పట్టు ఏమీ చెడల్యా” అంది. లాల్‌సాబ్ మాత్రం ధర్మవరం చేరేదాకా బండి కిటికీలోంచి ప్రతి స్టేషన్లోనూ కేకవేసి ఆ వార్త చెప్పాడు. ఏ వార్తో ఈసారి మరిచిపోకుండా చెప్పాడు.

తర్వాత మూడు నెలలూ మార్కండేయులు కాగితం చదివే విద్యకు పదును పెట్టుకున్నాడు. ఓడ కాగితాన్ని కంఠస్థం చేశాడు. లాల్‌సాబ్ దగ్గర స్పానర్లు పట్టడం నేర్చుకున్నాడు, ఒక సైకిలును పూర్తిగా విప్పి ఒక్క బోల్టు మాత్రమే మిగిలేలా మళ్ళీ బిగించాడు. మగ్గం పైన దూలాలు కొలిచి గోడ మీద బొగ్గుతో గుర్తులు పెట్టాడు. ఏప్రిల్‌లో జకార్డు పెట్టెలు దిగిన రోజున లాల్‌సాబ్ షాపు మూశాడు, గోవిందరాజులు టెంకాయ తెచ్చాడు, వీధిలో జనం గడపలెక్కారు, కమలాక్షి తలకు పోసుకుని కొత్తచీర కట్టుకుంది. మార్కండేయులు స్నానం చేసి, స్పానర్లు గుడ్డ మీద వరసగా పేర్చి, కాగితం కోసం చెయ్యి చాపాడు.

జకార్డును బిగించడానికి కంపెనీ మనిషి అదే బండిలో వచ్చి ఉన్నాడు. గంటన్నరలో బిగించేసి, కాఫీ తాగి, మధ్యాహ్నం ప్యాసింజర్‌కు వెళ్ళిపోయాడు.